చిన్నవాడి వాటా

మొన్నామధ్య తిరువూరు బస్టాండు ఎదుట టీ తాగుతుంటే, మందుల షాపు మేడకు వేలాడదీసిన పెద్ద ఫ్లెక్సీ ఒకటి కంటబడింది. తెల్లచొక్కా, భుజాల మీద బంగారు రంగు పట్టీలు, చంకలో టోపీ పెట్టుకుని నవ్వుతున్న, మీసం కూడా సరిగా రాని ఒక కుర్రవాడి బొమ్మ, కింద ఇంటర్ పాసైతే చాలు పైలట్ కావచ్చునన్న అభయం, ఆ కిందనే బ్యాంకు రుణం కూడా మేమే ఇప్పిస్తామన్న వరం. గంపలగూడెం వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన ఆ బొమ్మకేసి చూపిస్తూ, "మావాడు పైలట్ అవుతానని ఒకటే గోలండి. మిలట్రీలో జేరి నేర్చుకుంటే మేలా, డబ్బు కట్టి వీళ్ళ దగ్గర నేర్చుకుంటే మేలా, ఏం చెయ్యమంటారు?" అని కనబడ్డ ప్రతివాణ్ణీ అడుగుతున్నాడు. సలహాలకు మన ఊళ్ళో ఏనాడూ కరువు లేదు కదా, ఆటో అతనూ, అరటిపళ్ళాయనా, టీ కాచే ఆయనా తలా ఒకటి చెప్పారు. అక్కడ నిలబడ్డవాళ్ళందరిలోకీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత బహుశా నా ఒక్కడికే ఉంది, నేనొక్కణ్ణే ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి నడుం వాల్చానే గానీ, యాభై ఏళ్ళ కిందటి మా ఇంటి వసారా కళ్ళ ముందు నుంచి కదలలేదు.

నా ఈడు వాళ్ళకు ఉమ్మడి కుటుంబమంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. మా నాన్న, పెదనాన్న పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టినా వేరు పడలేదు, ఒకే పొయ్యి, ఒకే కొట్టు, ఒకే కాడి. ఎ.కొండూరు వైపు కొంత మెట్ట, కట్లేరు వాగు దిగువన కాస్త మాగాణి, గంపలగూడెం రోడ్డు పక్కన మామిడితోట, ఇదీ మా ఆస్తి. పెదనాన్నకు ఒక్కడే కొడుకు, నాన్నకు నేనొక్కణ్ణే. అన్నయ్య నాకంటే ఏడాది పెద్ద. ఒకే కంచంలో తిన్నాం, ఒకే మంచం మీద పడుకున్నాం, ఒకడికి జ్వరమొస్తే రెండోవాడికి అంటించుకున్నాం, వాడు తప్పు చేస్తే నేను దెబ్బలు తిన్నాను, నేను చేసిన తప్పులకు వాడు తిన్న దెబ్బలు ఇంకా ఎక్కువ. మాకు వేరే స్నేహితులు ఉండేవాళ్ళు కారు, వాళ్ళ అవసరం ఎప్పుడూ కనబడలేదు.

విమానం పిచ్చి కూడా ఇద్దరికీ ఒకే రోజున పట్టుకుంది. మేం హైస్కూల్లో చేరిన కొత్తలో ఏదో పెళ్ళికని గన్నవరం దగ్గరి పల్లెకు వెళితే, పెదనాన్న మమ్మల్ని విమానాశ్రయం చూపించడానికి తీసుకెళ్ళాడు. విమానాశ్రయమంటే ఇప్పటి అద్దాల మేడ అనుకునేరు, ఒక పొడుగాటి తారు బాట, ముళ్ళతీగల కంచె, ఒక చిన్న భవంతి, అంతే. విమానం దిగింది, పెద్ద చప్పుడుతో దుమ్ము రేపింది, అదంతా బాగానే ఉంది గానీ మా ఇద్దరినీ పట్టుకున్నది అది కాదు. జనమంతా దిగిపోయాక ఆఖరున దిగిన పైలట్, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఎక్కడా తొందర లేకుండా కంచె దాకా నడిచొచ్చి, బయట బండి మీద గోలీసోడా అమ్మే అతని దగ్గర సోడా కొట్టించుకుని, నిలబడి నింపాదిగా తాగాడు. పొలంలో నుంచి వచ్చే మనుషులు కూడా అంత నింపాదిగా ఉండటం మేం చూసి ఎరగం, ఈయన ఆకాశంలో నుంచి వచ్చి అలా ఉన్నాడు. తిరుగు బస్సులో ఇద్దరం ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు, ఇల్లు చేరేసరికి మాత్రం ఇద్దరం పైలట్లం కావాలని తేలిపోయింది. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని ఆటపట్టించని రోజు లేదు, మా మేనత్త అయితే మమ్మల్ని చూసినప్పుడల్లా దిగారా నాయనా, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చేది.

ఆ పిచ్చి వయసుతో పాటు పోతుందనుకున్నారు, పోలేదు. బెజవాడలో ఇద్దరం బి.ఎస్సీ. చదువుతుండగా ప్రత్యేకాంధ్ర ఉద్యమం వచ్చింది. మన జిల్లాలవాళ్ళకు ఆ సంవత్సరం గుర్తుండే ఉంటుంది, కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, పిల్లలందరూ ఇళ్ళల్లో కూచుని అమ్మలను విసిగించారు. ఖాళీగా కూచున్న బుర్రల్లో విమానం తప్ప మరొకటి లేదు. పెనుగొలను నుంచి వెళ్ళి వైమానిక దళంలో విమానాలు బాగుచేసే పనిలో ఏళ్ళ తరబడి ఉండి, పింఛను తీసుకుని వచ్చేసిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. మేమిద్దరం సైకిలెక్కి ఆయన దగ్గరకు వెళ్ళడం, ఆయన చుట్ట కాలుస్తూ చెప్పడం, మేం వినడం, ఆ ఏడాది మా చదువంతా అదే.

ఆయన చెప్పినదాని ప్రకారం, ఎయిర్‌లైన్సులో కెప్టెను కావడానికి రెండే దారులు. మొదటిది మిలట్రీ దారి. సెలక్షనులో నెగ్గితే చదువూ, తిండీ, విమానమూ, పెట్రోలూ అన్నీ సర్కారువే, పైగా జీతం. ఎన్నో ఏళ్ళు దేశానికి నౌకరీ చేసి, వేల గంటలు ఎగిరి, బయటకొస్తే ఎయిర్‌లైన్సు వాళ్ళు పిలిచి కుర్చీ వేస్తారు. అయితే ఆ సెలక్షనులో విమానం నడిపే లక్షణం ఉందో లేదో చూసే పరీక్ష ఒకటుంది, అది జీవితంలో ఒక్కసారే, తప్పితే ఇక ఆ గుమ్మం ఎక్కనివ్వరు. రెండోది సివిల్ దారి. దూరాన ఏదో పట్నంలో ఫ్లయింగ్ క్లబ్బులో డబ్బు కట్టి చేరి, గంటల లెక్కన ఎగురుతూ, పరీక్షలు రాస్తూ, కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుంటే నేరుగా ఎయిర్‌లైన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. యుద్ధాలు లేవు, బదిలీలు లేవు, ఖర్చు మాత్రం మనది, అదీ మామూలు ఖర్చు కాదు. ఇవన్నీ మేం ఇంట్లో చెప్పాం. పెదనాన్న రెండు రోజులు ఆలోచించుకున్నాడు.

మూడో రోజు ఆయన చెప్పిన తీర్పు విని మీరు నవ్వొచ్చు, ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. ఉన్నదంతా ఒకే పైరు వెయ్యడు, సగం వరి వేస్తే సగం పత్తి వేస్తాడు, ఒకటి పోతే ఒకటి నిలబెడుతుందని ఆయన లెక్క. బంగ్లాదేశ్ యుద్ధం వార్తలు రేడియోలో విన్న చెవులు ఇంకా చల్లారలేదు. ఇద్దరు కొడుకులనూ మిలట్రీకి పంపను, ఇద్దరినీ క్లబ్బుకు పంపే తాహతు లేదు, కాబట్టి చెరొక దారీ పట్టండి, ఎవడో ఒకడు కెప్టెను అవుతాడు అన్నాడు. మరి ఎవడు ఎటు? దానికీ ఆయన దగ్గర జవాబు ఉంది. మా వైపు అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడు పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. వేసినవాడే ముందు తీసుకుంటే మంచి వాటా తనకే పెట్టుకుంటాడని ఆ ఏర్పాటు. మా ఇంట్లో తాతల నాటి నుంచీ పంపకాలన్నీ అలాగే జరిగాయి, ఒక్క తగువైనా రాలేదని పెదనాన్న గొప్పగా చెప్పుకునేవాడు. పెళ్ళిళ్ళలో కొత్తబట్టలు పంచినా, దీపావళికి టపాకాయలు పంచినా మా ఇద్దరి మధ్యా అదే పద్ధతి నడిచేది. బతుకులను కూడా అదే పద్ధతిలో పంచవచ్చునని ఆయన అనుకున్నాడు, మేమూ అనుకున్నాం.

కోరుకోవడానికి వచ్చే శుక్రవారం ఉదయం మంచిదన్నారు. ఈలోపు ఆ నాలుగు రోజులూ అన్నయ్య మిలట్రీ గురించి తప్ప మాట్లాడలేదు. ఆ బట్టలేమిటి, ఆ క్రమశిక్షణేమిటి, ఆ వేగమేమిటి, క్లబ్బులో బొమ్మ విమానాలు తిప్పుకోవడం కూడా ఒక బతుకేనా అంటూ ఒకటే వర్ణించాడు. నా సంగతి చెప్పాలంటే, పెనుగొలను పెద్దమనిషి నోట మొదటిసారి విన్ననాటి నుంచీ నా మనసు మిలట్రీ మీదే ఉంది. ఒక్క ఎకరం అమ్మకుండా, ఎవరికీ భారం కాకుండా, నా తలకాయతో నేను నెగ్గి నేర్చుకోవచ్చునన్నది నాకు నచ్చింది. కానీ అన్నయ్య అంతగా ముచ్చటపడుతుంటే ముందు కోరుకునే హక్కుంది కదా అని దాన్ని లాక్కుంటానా? వాడికి అనుమానం రాకుండా ఉండాలని నేను క్లబ్బును పొగడటం మొదలుపెట్టాను. ఎంచక్కా ఎవరి పెత్తనమూ ఉండదని, పండక్కి ఇంటికి రావచ్చునని, నోటికొచ్చిందల్లా అన్నాను.

శుక్రవారం పొద్దున తలంటు పోసి ఇద్దరినీ వసారాలో పీటల మీద కూచోబెట్టారు. నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గుమ్మం లోపల అమ్మ, పెద్దమ్మ. పెదనాన్న అచ్చం పొలం పంపకంలో చెప్పినట్టే, ఒక వాటా మిలట్రీ, ఖర్చు లేదు గానీ మెట్టభూమి లాంటిది, వాన మీద ఆధారం, రెండో వాటా క్లబ్బు, పెట్టుబడి కావాలి గానీ మాగాణి లాంటిది, నీరు పారుతుంది, పంట తప్పదు అని రెండూ వివరించి నాకేసి చూశాడు. "చెప్పరా చిన్నోడా, మొహమాటపడకు, నీకేది కావాలో అది కోరుకో" అన్నాడు. మొహమాటపడకు అని మనవాళ్ళు ఎప్పుడంటారో మీకు తెలుసు కదా, అందరి గొంతుల్లోనూ మొహమాటం అడ్డం పడ్డప్పుడే అంటారు. నేను అన్నయ్య మొహంకేసి చూశాను, వాడు నవ్వుతున్నాడు. క్లబ్బు అన్నాను. లోపల అమ్మ గట్టిగా ఊపిరి వదలడం వసారాలోకి వినబడింది. పెద్దమ్మ చప్పుడు మాత్రం ఏమీ వినబడలేదు.

నా మాగాణికి పెట్టుబడిగా మామిడితోట అమ్మారు. తోటంతా ఉమ్మడిది, అందులో సగం అన్నయ్యది, వాడి వాటా చదువుకు పైసా ఖర్చు లేదు, అయినా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. కాపు మీదున్న తోట, రసాలూ, బంగినపల్లీ చెట్టుకు చెట్టు వంగి ఉండగా, పొరుగూరి నుంచి వచ్చి సేద్యం చేసుకునే పాయకారి ఒకాయన కొనుక్కున్నాడు. పెదనాన్న ఆ ఏడాది బజారులో పళ్ళు కొని తెచ్చి, తియ్యగా లేవని తిట్టుకుంటూ తిన్నాడు.

అన్నయ్య సెలక్షనులో మొదటి దెబ్బకే నెగ్గాడు. వాడు నెగ్గుతాడని నాకు తెలుసు, వాడి చేతిలో నిలకడ ఉండేది, పోటు మీదున్న కట్లేట్లో సైకిలు భుజానికెత్తుకుని తడబడకుండా అవతలి గట్టు ఎక్కేవాడు. మైలవరం మీదుగా బెజవాడ వెళ్ళే బస్సు ఎక్కించడానికి ఊరు ఊరంతా వచ్చింది. ఎక్కడికి వెళుతున్నా బుజ్జగింపుగా నా తల మీద చెయ్యి వేసే అలవాటు వాడికి, ఆ రోజు బస్సు కిటికీలో నుంచి కూడా వేశాడు. నేను ఇంకో నెలకు, ఇంకో బస్సులో, ఇంకో దిక్కుకు వెళ్ళాను.

ఆ క్లబ్బులో మొదటి నెలలు సంతోషంగా గడవలేదని అంటే అబద్ధమాడినట్టే. ఇద్దరు పట్టే పుష్పక్ అనే చిన్న విమానం మాకిచ్చేవారు. ఆ పేరు చెబితే మా నాయనమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. టెలిగ్రాఫు వాళ్ళ మోర్సు సంకేతాలు కూడా పరీక్షలో ఉండేవి, ఆ టక్కు టిక్కు చప్పుళ్ళు వంటపట్టడానికి అద్దెగదిలో కంచం మీద చెంచాతో కొట్టుకుంటుంటే ఇంటివాళ్ళు భోజనానికి తొందరపడుతున్నాననుకునేవారు. నేర్పే ఆయన ఒక పొద్దున ఉన్నట్టుండి పక్క సీట్లోంచి దిగిపోయి, తలుపేసి, వెళ్ళిరమ్మని చెయ్యి ఊపాడు. ఒంటరిగా పైకి లేచి, ఆ ఊరి చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి దిగిన ఆ కాసేపు నా జీవితంలో నాకు దక్కిన మొత్తం లాభం. ఖాళీ సీటుకేసి చూసి, ఇక్కడ అన్నయ్య ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

తర్వాత అరబ్బు దేశాల యుద్ధం, పెట్రోలు కరువు. మన ఊరి మోటారు సైకిళ్ళ వాళ్ళకే చుక్కలు కనిపించిన రోజులవి, ఇక విమానానికి కావలసిన పెట్రోలు సంగతి చెప్పేదేముంది. గంట రేటు పెరిగింది, కుర్రాళ్ళు వరసలో కూచోవడం మొదలైంది, ఒక్కొక్కప్పుడు వారం పొడుగునా ఎండలో చెట్టు కింద కూచుని, రెక్కలకు తాళ్ళు కట్టి ఉన్న పుష్పక్‌ను చూసి గదులకు పోయేవాళ్ళం. ఏడాదిన్నరలో అయిపోతుందనుకున్నది నాలుగేళ్ళు లాగింది. తోట డబ్బు సగం దారిలోనే అయిపోయింది, ఎ.కొండూరు మెట్ట కూడా దాని వెనకే వెళ్ళింది. నా పేరు మీద లైసెన్సు వచ్చేనాటికి మా ఇంట్లో పత్తి వెయ్యడానికి చోటు లేదు.

లైసెన్సు తీసుకుని ఎయిర్‌లైన్సు గుమ్మాలెక్కాను. అప్పటి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, లైసెన్సు జేబులో పెట్టుకుని ఉద్యోగం లేక తిరిగే నాలాంటివాళ్ళు దేశమంతా ఉన్నారు, ఉన్న నాలుగు ఖాళీలకు మిలట్రీ నుంచి వేల గంటల అనుభవంతో వచ్చినవాళ్ళు వరసలో ఉన్నారు. ఒక ఇంటర్వ్యూ వరండాలో నా పక్కన కూచున్న మాజీ అధికారి చాలా మర్యాదస్తుడు, తన ఫ్లాస్కులోని కాఫీ నాకు పోసిచ్చి, నా గంటలెన్నో అడిగి, విని, జాలిగా చూసి, మీ వయసులో మా దారిన రాకపోయారా అన్నాడు. ఏమని చెప్పను, మా ఇంట్లో చిన్నవాడు ముందు కోరుకుంటాడని చెప్పనా? కాఫీ బాగుందన్నాను. చివరకు పత్తి చేల మీద మందు చల్లే విమానాలు నడిపే పని ఏదో ఉందంటే దానికీ వెళ్ళాను, దానికీ అనుభవం చాలదన్నారు.

ఆ వేసవిలోనే అన్నయ్య సెలవు మీద వచ్చాడు. జుట్టు పొట్టిగా, మనిషి గట్టిపడి, నడకలో ఒక తూకం వచ్చి ఉన్నాడు. మధ్యాహ్నం ఇద్దరం గంపలగూడెం రోడ్డు పట్టుకుని నడిచి, మాది కాని మా తోట దగ్గర కంచె బయట కూచున్నాం. పాయకారి మనిషి మమ్మల్ని గుర్తుపట్టి రెండు పళ్ళు తెచ్చిచ్చాడు. నేను నా గోడంతా వెళ్ళబోసుకున్నాను, పెట్రోలూ, వరండాలూ, కాఫీ పోసిన అధికారీ అన్నీ చెప్పాను. అన్నయ్య మామిడిపండు పిసుకుతూ విని, నవ్వుతూ అన్నాడు, "ఒరేయ్, నువ్వు క్లబ్బు అనగానే నా గుండె జారిపోయిందిరా. నాకు అదే కావాలి."

నేను నమ్మలేదు. వాడు చెప్పాడు. ఆ గన్నవరం కంచె దగ్గర సోడా తాగిన మనిషిలా ఉండాలన్నదే వాడి కోరికట, జనాన్ని ఎక్కించుకుని వెళ్ళడం, దించడం, సాయంత్రానికి ఇంటికి రావడం. కవాతంటే వాడికి ఒళ్ళుమంట, పెద్దమ్మను వదిలి ఉండటం బెంగ. మరి ఆ నాలుగు రోజులూ మిలట్రీని నెత్తిన పెట్టుకున్నావేమిట్రా అంటే, చిన్నమ్మకు నువ్వొక్కడివే, నిన్ను మిలట్రీకి పంపడం ఆవిడకు ఇష్టం లేదని ఇంట్లో అందరికీ తెలుసు, నాకు క్లబ్బు కావాలని నీకు తెలిస్తే నువ్వు నాకోసం వదిలేస్తావని భయమేసింది, నీకు మొహమాటం లేకుండా చేద్దామని అలా మాట్లాడాను, పైగా నువ్వు కూడా క్లబ్బును తెగ పొగిడావు కదా అన్నాడు. నాకు మిలట్రీ కావాలిరా, నువ్వు ముచ్చటపడుతున్నావని వదిలేశాను అన్నాను నేను. వాడు పండు చేతిలో అలాగే పట్టుకుని నాకేసి చూశాడు. తర్వాత ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం, కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం, కాపలా మనిషి వచ్చి ఏమైంది బాబూ అని అడిగేదాకా నవ్వాం. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు గుర్తు లేదు, ఇద్దరం తుండుగుడ్డతో మొహాలు తుడుచుకుని ఇంటికొచ్చాం. మార్చుకోవడానికి వీలుందేమో అని కూడా దారిలో మాట్లాడుకున్నాం. నాకు వాళ్ళు పెట్టిన వయసు దాటిపోయింది, వాడు ఎన్నేళ్ళో పనిచేస్తానని ముందే సంతకం పెట్టి ఉన్నాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పవద్దని ఇద్దరం అనుకున్నాం. పెదనాన్న తట్టుకోలేడని.

ఆ తర్వాతి ఏడాది చలికాలం మొదట్లో, పత్తి లేని ఆ వాకిట్లో పెదనాన్న నులకమంచం బిగిస్తుండగా టెలిగ్రాం వచ్చింది. తెచ్చిన అతను సైకిలు దిగకుండా గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, మంచి వార్త అయితే వాళ్ళు దూరం నుంచే కేకేసి బక్షీసు అడిగేవారు. శిక్షణ కోసం అన్నయ్య ఎగిరిన విమానం కొండల్లో కూలిపోయింది. పెట్టె వచ్చింది, పెట్టెతో పాటు అధికార్లు వచ్చారు, చాలా గౌరవంగా చూశారు, పెట్టె తెరవవద్దని మాత్రం అన్నారు. పెద్దమ్మ కొడుక్కి ఆఖరి నీళ్ళు పోస్తానని చెంబు పట్టుకుని నిలబడింది, ఆ చెంబు ఆవిడ చేతిలో నుంచి తీసుకోవడానికి నాన్నకు ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఆఖరికి పెట్టె మీదే పసుపు నీళ్ళు చల్లనిచ్చారు.

పెదనాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. నన్ను ఒక్క మాట అనలేదు, తోట గురించి గానీ, మెట్ట గురించి గానీ, నా లైసెన్సు గురించి గానీ. అని ఉంటే నాకు కొంత తేలికపడేది. మా ఇంట్లో మళ్ళీ ఎవరూ వాటాలు వెయ్యలేదు, మిగిలిన మాగాణి నాన్నా, పెదనాన్నా పోయేదాకా ఉమ్మడిగానే ఉండిపోయింది. లైసెన్సు బతికి ఉండాలంటే ఎప్పటికప్పుడు కొన్ని గంటలు ఎగురుతూ ఉండాలి, ఎగరడానికి నా దగ్గర ఏముంది, గడువు దాటి అది చచ్చిపోయింది. నేను పురుగుమందుల కంపెనీలో చేరి, డబ్బాలు మోపెడ్ వెనక కట్టుకుని గంపలగూడెం, ఎ.కొండూరు పల్లెలన్నీ తిరిగాను, ముప్పై ఏళ్ళు అదే తిరిగాను. రైతులు నన్ను పైలట్ గారూ అని పిలిచేవారు, ఎగతాళికి కాదు పాపం, నిజంగానే గౌరవంగా. అప్పుడప్పుడూ నాలో నేను లెక్క వేసుకునేవాణ్ణి. ఆ రోజు నేను మిలట్రీ అని ఉంటే ఆ కొండల్లో ఉండేది నేనేనేమో, వాడు చెట్టు కింద పెట్రోలు కోసం కూచుని, ఈ డబ్బాలు మోస్తూ ఉండేవాడేమో. అలాగని తేలితే ఒక రకం, కాదని తేలితే ఒక రకం, ఏదీ తేలదు. మనసారా పశ్చాత్తాపపడే వీలైనా లేని బతుకు అయిపోయింది నాది.

అన్నయ్య పోయిన తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ వసారాలో కూచుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆ ఏడాది మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. నన్ను పిలిచి పక్కన కూచోమంది. ఎన్నో నెలలుగా అడగాలని ఉండీ అడగలేకపోయిన మాట అని నాకు అర్థమైంది. నువ్వు కూడా ఎగిరావు కదా, అక్కడ ఎలా ఉంటుందో చెప్పు అంది. నేను చెప్పాను. భూమి ఎలా కిందికి దిగిపోతుందో, పొలాల గట్లు ముగ్గు గీతల్లా ఎలా కనిపిస్తాయో, పైకి వెళ్ళేకొద్దీ ఎండలో కూడా ఎంత చల్లగా ఉంటుందో, మబ్బు లోపలికి వెళితే తడి ఎలా మొహానికి తగిలినట్టు అనిపిస్తుందో, ఆవిడ పిక్కలు తియ్యడం ఆపి వింటుంటే నాకు తెలిసిందంతా చెప్పాను, తెలియనిది కూడా కొంత కల్పించి చెప్పాను. భయం వెయ్యదా అంది. వెయ్యదన్నాను. ఆవిడ తల దించుకుని మళ్ళీ ఒక పిక్క తీసి పక్కన పెట్టింది.

"వాడికిష్టమేనా నాయనా అక్కడ? కోరుకునే వెళ్ళాడు కదూ?" అంది.

మామిడితోట కంచె దగ్గర వాడు చెప్పింది తెలిసినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. వాడికదే ఇష్టం పెద్దమ్మా, వాడు కోరుకున్నదే వాడికి దొరికింది అన్నాను. ఆవిడ కళ్ళు ఒత్తుకుని, ఆ ఒక్కటే చాలు నాకు అంది. ఆ మాట పట్టుకునే పోయేదాకా బతికింది, వచ్చినవాళ్ళందరికీ మావాడు ముచ్చటపడి చేరాడమ్మా అని చెప్పుకునేది, నేను పక్కనే ఉండి అవునని తల ఊపేవాణ్ణి.

ఇప్పటి ఇళ్ళల్లో పిల్లలు భోజనాల దగ్గర కూచుని నాకిది కావాలి, అది వద్దు అని తండ్రి మొహం మీదే చెప్పేస్తున్నారు. అన్నదమ్ములు ఒకే వస్తువు కోసం గట్టిగా దెబ్బలాడుకుంటున్నారు. మా ఈడువాళ్ళు చూసి పెద్దాచిన్నా లేదు, సిగ్గూ బిడియం లేదు, కాలం చెడిపోయిందని వాపోతూ ఉంటారు, నన్ను కూడా అవునంటావా కాదంటావా అని అడుగుతుంటారు. నేను కాదంటాను. ఆ నాలుగు రోజుల్లో ఒక్క పూటైనా ఎవరికేది కావాలో బయటపెట్టి నేనూ అన్నయ్యా దెబ్బలాడుకుని ఉంటే, వాడికి నామీద కోపం వచ్చి ఉండేది, అంతకుమించి పోయేదేముంది. మాకు దెబ్బలాడుకోవడం రాలేదు. ఒకరంటే ఒకరికి అంత ప్రేమ.